కొత్తదని రుజువు చేయుటకు పాతది జతపరచవలెను

మా ఆఫీసు గురించి బయట చాలా అంటారు. ఆటల ఆఫీసంటే అక్కడ అందరూ కూర్చుని ఆడుకుంటుంటారని అనుకుంటారు. అది పచ్చి అబద్ధం. డిజిటల్ క్రీడల నవకల్పన ప్రాధికార సంస్థలో నేను పదకొండు నెలలు సూపరింటెండెంటుగా పనిచేశాను. అన్ని నెలల్లోనూ ఆఫీసులో ఎవరైనా ఆట ఆడగా నేను చూడలేదు, ఒక్కసారి నేను ఆడటం తప్ప. ఆ ఒక్కసారి వల్ల ఏమైందో చెప్పాలని ఇది రాస్తున్నాను.

అంతకు ముందు నేను పశుసంవర్ధక శాఖలో గొర్రెల బీమా సెక్షన్ చూసేవాణ్ణి. బీమా చేసిన గొర్రెకు చెవికి ఒక బిళ్ళ ఉంటుంది. గొర్రె చచ్చిపోతే ఆ బిళ్ళ కోసి కవర్లో పెట్టి పంపాలి. బిళ్ళ రాకపోతే, కళేబరం తెచ్చి మా మెట్ల మీద పడుకోబెట్టినా సరే, శాఖ దృష్టిలో ఆ గొర్రె బతికే ఉన్నట్టు. బిళ్ళ వస్తే మాత్రం, ఆ గొర్రె ఎదురుగా నిలబడి నా టేబులు మీది కాగితాలు నములుతున్నా చచ్చినట్టే. ఇరవై రెండేళ్ళు ఈ పని నిష్ఠగా చేసినవాడు ఏ శాఖకైనా పనికొస్తాడని పైవాళ్ళు గుర్తించి, నన్ను వీడియో గేముల మీదికి డిప్యుటేషన్ వేశారు.

సంస్థకు డైరెక్టర్ జనరల్ మార్తాండరావు గారు. సంస్థ పెట్టకముందే ఆయన పదకొండు రోజులు పారిస్‌లోనూ, అమెరికా పడమటి తీరంలోనూ తిరిగి, ఆటలు ఎలా తయారవుతాయో పరిశీలించి వచ్చారు. ఆయన నివేదిక రెండు వందల పన్నెండు పేజీలు. అందులో నూట తొంభై ఫోటోలు. మిగతా పేజీల సారాంశం ఇది: "ఫ్రెంచివారి ఆటలో మనిషి ఆలోచించును. అమెరికావారి ఆటలో మనిషి ఆగడు. మన రాష్ట్రపు ఆటలో మనిషి ఆగకుండా ఆలోచించవలెను."

ఈ ఆశయం కోసం సంస్థలో రెండు విభాగాలు వెలిశాయి. ఫ్రెంచి విభాగానికి అధిపతి విఠల్ గారు. మార్కులు బాగా పడతాయని ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజీగా ఫ్రెంచి తీసుకుని నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకున్న మనిషి. అమెరికా విభాగానికి కల్యాణలక్ష్మి మేడం. ఆవిడ దగ్గర పదేళ్ళ అమెరికా వీసా ఉంది. ఇంకా వెళ్ళలేదు గాని, ఎప్పుడైనా వెళ్ళగలరు.

రాష్ట్రంలో ఎవరు కొత్త ఆట తయారుచేసినా మా సంస్థ నుంచి నవ్యతా ధ్రువపత్రం తీసుకోవాలి. అది లేనిదే ఏటా జరిగే ఆటల మేళాలో స్టాలు ఇవ్వరు. ఆ మేళాకే దేశదేశాల కంపెనీలు వచ్చి నచ్చిన ఆటల్ని ఎంచుకుంటాయి. ధ్రువపత్రానికి దరఖాస్తు ఆరు పేజీలు. అందులో పద్నాలుగో గడి ఇలా ఉంటుంది: "ఈ ఆటలోని నవ్యత ఇంతకు ముందు ఫ్రాన్సు మరియు అమెరికాలలో ఎవరిచేత, ఎప్పుడు ప్రవేశపెట్టబడినది? రుజువులు జతపరచవలెను."

చేరిన కొత్తలో నేనొకసారి ఉండబట్టలేక డైరెక్టర్ గారిని అడిగాను. "సార్, ఇంతకు ముందే ఉంటే అది కొత్తది ఎలా అవుతుంది?"

ఆయన నా వైపు జాలిగా చూశారు. "వరదాచారి గారూ, ఒక వస్తువు కొత్తదని నిర్ణయించడానికి మీకున్న అర్హత ఏమిటి? పోనీ, నాకున్న అర్హత ఏమిటి? అక్కడివాళ్ళు కొత్తదని ఒప్పుకున్న తర్వాతనే గదా అది కొత్తదయ్యేది! నిరాధారమైన నవ్యతను ప్రభుత్వం ప్రోత్సహించజాలదు."

గొర్రెల సెక్షన్లో ఇంత చక్కగా విడమర్చి చెప్పినవాళ్ళెవరూ లేరని అనుకున్నాను.

మొదటి ఆరు నెలల్లో నలభై మూడు దరఖాస్తులొచ్చాయి. నలభై మూడింటికీ ధ్రువపత్రాలిచ్చాం. అన్నిట్లోనూ ఒక బలమైన మనిషి తుపాకి పట్టుకుని వీపు చూపిస్తూ పరుగెత్తుతుంటాడు. కొన్నిట్లో వానలో పరుగెత్తుతాడు. వాన ఉంటే ఫ్రెంచి విభాగం త్వరగా సంతకం పెట్టేది.

నలభై నాలుగో దరఖాస్తు దండుగుల అఖిలది. పాతికేళ్ళుంటాయి. ఊరి చివర రాళ్ళగుట్ట బస్తీ వాళ్ళది, క్వారీలో రాళ్ళు కొట్టే కుటుంబం. నాలుగేళ్ళు కష్టపడి ఒక్కతే ఆట చేసింది. పద్నాలుగో గడిలో రెండే అక్షరాలు రాసింది: "లేదు."

"ఇట్లా రాస్తే కుదరదమ్మా. ఏదో ఒక ఆధారం ఉండాలి," అన్నాను.

"ఎక్కడ్నించి తేవాలె సార్? నేనే జేసిన. ఎక్కడా లేదు. మీరొక్కసారి ఆడి చూడుండ్రి, తెలుస్తది."

సంచిలోంచి టాబ్లెట్ తీసి నా చేతిలో పెట్టింది. ఆట పేరు "బిందెల వరుస." మొదలవగానే తెర మీద నల్లగా ఉన్నచోట తెల్లటి అక్షరాలొచ్చాయి: "చేసినది దండుగుల అఖిల, రాళ్ళగుట్ట."

అది ట్యాంకరు కోసం నీళ్ళ వరుస. వరుసలో మనుషులుండరు, బిందెలుంటాయి. ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియదు. మీ బిందె వరుసలో పెట్టేసి మీరు పనికి పోవచ్చు, పిల్లను బడిలో దింపి రావచ్చు. మీరు తిరిగొచ్చేసరికి మీ బిందె ముందుకు జరిగి ఉంటుందా, వెనక్కి తోసేసి ఉంటుందా అన్నది, మీరక్కడ ఉన్నప్పుడు పక్కవాళ్ళ బిందెలను ఎలా చూశారన్నదాన్ని బట్టి ఉంటుంది. అంతే ఆట. కొట్లాడవచ్చు, తోసెయ్యవచ్చు, ఎవరూ వద్దనరు. కాని మీరు లేని సమయంలో మీకేం జరిగిందో మీరు తిరిగొచ్చాకే తెలుస్తుంది.

నేను మొదటిసారి ముందున్న నాలుగు బిందెలు తోసేసి ఆఖరికి ఖాళీ బిందెతో ఇంటికి పోయాను. రెండోసారి ఎవరిదో ఒక పాత బిందెను జరుపుతూ కూర్చుని, నా పని మరచిపోయాను. తిరిగొస్తే నా బిందె నిండి, మీద మూత పెట్టి ఉంది. ఎవరు పెట్టారో ఆట చెప్పలేదు. తల ఎత్తి చూస్తే గడియారంలో మూడైంది. టిఫిన్ డబ్బా తెరవలేదు. చెప్పడానికి సిగ్గేముంది, నా కళ్ళు తడిశాయి.

"ఇది మేళాలో పెట్టాలె సార్. పైసలు తర్వాత సంగతి. తెర మీద నా పేరు, మా బస్తీ పేరు వస్తది గద, అది మా అమ్మకు అక్కడ నలుగుర్ల చూపియ్యాలె. ఏం జేస్తున్ననో ఇప్పటిదాక ఆమెకు చెప్పలే. కంప్యూటర్ల ఏదో నౌకరి అనుకుంటది," అంది అఖిల.

ఇంత మంచి ఆటకు ధ్రువపత్రం రాకపోవడమేమిటని నేనే ఫైలు పట్టుకుని ఫ్రెంచి విభాగానికి తీసుకెళ్ళాను. విఠల్ గారు కళ్ళు మూసుకుని విన్నారు.

"వస్తువు బాగుంది. కాని ఆఖరికి నీళ్ళు వస్తున్నాయే?" అన్నారు.

"ట్యాంకరు వస్తే నీళ్ళొస్తయి గద సార్," అంది అఖిల.

"అదే లోపం. నీళ్ళు వస్తే ఆటగాడు సంతృప్తి పడతాడు. సంతృప్తి పడినవాడు నిట్టూర్చడు. మా విభాగపు ప్రమాణాల ప్రకారం గంటకు కనీసం పదకొండు నిట్టూర్పులు రావాలి. ట్యాంకరు రానివ్వకండి. బిందె కూడా ఒకటే ఉంచండి. అది ఎందుకుందో దానికే తెలియకూడదు."

అమెరికా విభాగంలో కల్యాణలక్ష్మి మేడం కళ్ళు మూసుకోలేదు. ఆవిడ చేతిలో గడియారముంది. "ఇప్పటికి ఇరవై సెకన్లయింది, నాకింకా బహుమతి రాలేదు! అమెరికాలో ఏడు సెకన్లకొకటి ఇస్తారు. బిందె ముట్టుకుంటే చప్పట్లు, జరిపితే వజ్రం. పది వజ్రాలుంటే అందర్నీ దాటి ముందుకెళ్ళే వి.ఐ.పి. బిందె ఇవ్వాలి."

"అందర్నీ దాటితే ఇంక వరుసెందుకు మేడం?"

"దాటడానికి!" అన్నారావిడ, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు.

చివరికి ఇద్దరూ కలిసి డైరెక్టర్ గారి ఎదుట కూర్చుని ఒక అంగీకారానికి వచ్చారు. ట్యాంకరు రాకూడదు గాని ఏడు సెకన్లకోసారి వస్తున్నట్టు చప్పుడు రావాలి. అఖిల ఒక్క మాటలో ఒప్పుకోనంది. డైరెక్టర్ గారు పెద్దమనసుతో ఇంకో దారి చూపించారు. "పద్నాలుగో గడి నిండితే ఏ మార్పులూ అక్కర్లేదమ్మా. యథాతథంగా ఇచ్చేస్తాం. అక్కడ ఉన్నదాన్ని మార్చే అధికారం మాకెక్కడిది?"

నా బుర్ర పనిచేసింది అప్పుడే. ఇరవై రెండేళ్ళ సర్వీసు ఊరికే పోతుందా? గడి నిండాలి. దేనితో నిండాలో ఎవరూ అనలేదు. విఠల్ గారి ఇంటర్ పాఠ్యపుస్తకం మొదటి పాఠంలోంచి ఎతియెన్ అన్న పేరు తీసుకున్నాను. ఇంట్లో షాంపూ సీసా మీదున్న పేరును కాస్త అటూ ఇటూ చేసి వాల్మో అన్న ఇంటిపేరు తగిలించాను. ఫ్రాన్సులో పుట్టి అమెరికాలో స్థిరపడ్డాడని రాస్తే ఒక్క మనిషితో రెండు దేశాలూ తీరిపోతాయి. "ఈ ఆట శ్రీ ఎతియెన్ వాల్మో గారి ఆటను అనుసరించి చేసినది" అని స్టాంపు పేపరు మీద రాసి అఖిల ముందు పెట్టాను.

ఆ పిల్ల దాన్ని రెండుసార్లు చదివింది. "అబద్ధం కద సార్ ఇది. ఆయనెవడు?"

"ఎవడూ కాడమ్మా. ఉత్త కాగితం. ఫైల్లోకి పోతుంది, ఇంకెవరూ తెరవరు. తెర మీద నీ పేరే ఉంటుంది. నా మాట నమ్ము."

నమ్మింది. సంతకం పెట్టింది. దీనికి నేను ఎవరినీ తప్పు పట్టలేను. ఆ పెన్ను నేనే ఇచ్చాను.

ధ్రువపత్రం రెండు రోజుల్లో వచ్చేసింది. అక్కడితో ఆగాల్సింది. కాని పద్నాలుగో గడి అంత నిండుగా ఉన్న దరఖాస్తు మా సంస్థ చరిత్రలో అదే మొదటిది. ఒకే మనిషిలో రెండు దేశాల నవ్యత! పుట్టుకను బట్టి వాల్మో మావాడని ఫ్రెంచి విభాగం, చిరునామాను బట్టి మావాడని అమెరికా విభాగం పోట్లాడుకున్నాయి. వారం రోజులు రెండు విభాగాల మధ్య టీలు కూడా బంద్. చివరికి డైరెక్టర్ గారు జోక్యం చేసుకుని, వాల్మోలో సగం సగం చెరో విభాగానికి చెందుతుందని ఉత్తర్వులిచ్చారు. ఏ సగమో రాయలేదు.

ఆ వెంటనే వాల్మోను కలవడానికి ముగ్గురు సభ్యుల బృందం బయల్దేరింది. డైరెక్టర్ గారు, విఠల్ గారు, ఎట్టకేలకు వీసా వాడుకుంటూ కల్యాణలక్ష్మి మేడం. అక్కడ వాల్మో లేడని తెలిసి తిరిగొస్తారు, నన్ను సస్పెండ్ చేస్తారు, పిల్ల ధ్రువపత్రం రద్దు చేస్తారు అని రెండు వారాలు రోజులు లెక్కపెట్టాను.

వాళ్ళు ఒప్పందం చేసుకుని తిరిగొచ్చారు.

ఒప్పందం లేకుండా తిరిగొచ్చిన ప్రతినిధి బృందం మన దగ్గర ఇప్పటిదాకా లేదన్న సంగతి నేను మరచిపోయాను. పర్యటన నివేదిక నమూనాలో "కలిసిన ప్రముఖులు" అని ఒక గడి ఉంటుంది. అది ఖాళీగా వదిలితే టి.ఏ. బిల్లు పాసు కాదు. కాబట్టి కలిశారు. ఫోటో కూడా ఉంది. డైరెక్టర్ గారి పక్కన పొడుగాటి నెరిసిన జుట్టాయన, పొడవు కోటుతో, నవ్వుతూ. కోటు మీద ఎడమ వైపు ఒక ఇత్తడి బిళ్ళ ఉంది. పెద్ద హోటళ్ళలో తలుపు తీసి పట్టుకునేవాళ్ళకు అలాంటిది ఉంటుంది. చెవికి కాదు గాని, బిళ్ళ బిళ్ళే.

నేను ఆ సాయంత్రమే డైరెక్టర్ గారి గదిలోకి వెళ్ళి చేతులు కట్టుకుని మొత్తం చెప్పేశాను. పేరు నేనే పెట్టానన్నాను. షాంపూ సీసా సంగతి కూడా దాచలేదు.

ఆయన కోప్పడలేదు. "వరదాచారి గారూ, మీరు ఫ్రాన్సు వెళ్ళారా?"

"లేదు సార్."

"అమెరికా?"

"నిజామాబాద్ దాటి పోలేదు సార్."

"నేను ఆయన చెయ్యి పట్టుకుని మాట్లాడి వచ్చాను. చాలా మర్యాదస్తుడు, మా కోసం స్వయంగా తలుపు తీసి పట్టుకున్నాడు. ముగ్గురు గెజిటెడ్ అధికారులు చూసిన మనిషిని లేడనడానికి మీరెవరు? ఒత్తిడి ఎక్కువైనట్టుంది, సెలవు పెట్టండి."

మర్నాడు అఖిలకు న్యాయ విభాగం నుంచి తాఖీదు వెళ్ళింది. ఒక అంతర్జాతీయ కళాకారుడి ఆటను అనుసరించి చేసినట్టు ఆమే ప్రమాణపత్రంలో అంగీకరించింది గనుక, ఆట మొదట్లో వచ్చే పేరు తీసివేసి ఈ విధంగా పెట్టవలెను: "మూలం: శ్రీ ఎతియెన్ వాల్మో. తెలుగు సేత: కుమారి డి. అఖిల." మార్చకపోతే ధ్రువపత్రం రద్దు. బస్తీ పేరు అసందర్భమని కొట్టేశారు.

తాఖీదు పట్టుకుని వచ్చింది పిల్ల. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "తెలుగు సేత అంటే ఏంది సార్? ఆటల అసలు మాటలే లేవు గద," అంది. ఆ మాటకు నేను చచ్చిపోతే బాగుండుననిపించింది. ఆ తర్వాత నేను జరిగింది జరిగినట్టు వేరే మూడు ఆఫీసులకు ఉత్తరాలు రాశాను. అన్నీ తిరిగి మార్తాండరావు గారికే వచ్చాయి, "తగు చర్య నిమిత్తం" అని.

మేళా వచ్చింది. మంత్రిగారొచ్చారు. ఎతియెన్ వాల్మో గారికి ఆ సంవత్సరపు నవ్యతా రత్న పురస్కారం ప్రకటించారు. వేదిక వెనక ఇరవై అడుగుల ఫ్లెక్సీ మీద ఆ తలుపు తీసేవాడి ముఖం. ఆయన రాలేకపోయారు గనుక ఆయన సందేశాన్ని తెలుగు సేత చేసిన అమ్మాయి చదువుతుందని కార్యక్రమంలో వేశారు. సందేశం తయారుచేసే పని నాకు అప్పగించారు. నేను ఒక్క వాక్యం రాయలేక ఆ కాగితాన్ని ఖాళీగానే అఖిల చేతిలో పెట్టాను. "నీ ఇష్టం వచ్చింది చెప్పు తల్లీ," అన్నాను.

ఆమె మైకు ముందు నిలబడి తెల్లకాగితం చూస్తూ చదివింది.

"మంగళారం, శుక్రారం ట్యాంకరొస్తది. ఎప్పుడొస్తదో తెల్వదు. మా అమ్మ పనికి పోతా బిందెను వరుసల పెట్టి పోయేది. ఆ బిందెకు అడుగున సొట్ట. నిలబడకపోయేది. కింద చిన్న రాయి పెట్టేది. పక్కింటి కరీమాబీ దాన్ని ముందుకు జరిపినప్పుడల్లా ఆ రాయిని గూడ తీసి, మళ్ళ కింద పెట్టేది. ఎన్నిసార్లు జరిపినా రాయి మర్చిపోలే. ఒక్కనాడు గూడ మా బిందె పడలే. నేను అది చూసి ఈ ఆట జేసిన."

సభలో చప్పట్లు ఆగలేదు. మంత్రిగారు మైకు అందుకున్నారు, కళ్ళు తుడుచుకుంటూ. "ఎక్కడో ఫ్రాన్సులో పుట్టి, అమెరికాలో పెరిగి, మన బస్తీలోని బిందె కింది రాయిని కూడా చూశాడా మహానుభావుడు! ఇదీ పరిశీలనంటే! మన పిల్లలున్నారు, ఎందుకు? పక్కనే ఉండి కూడా ఒక్కరికైనా తట్టిందా?"

పురస్కారాన్ని వాల్మో తరఫున డైరెక్టర్ గారు అందుకున్నారు. రెండు విభాగాలూ చెరో వైపు పట్టుకుని ఫోటో దిగాయి.

సభ అయ్యాక జనంలోంచి ఒకావిడ వచ్చి అఖిల చెయ్యి పట్టుకుంది. క్వారీ దుమ్ముకు వేళ్ళ చివర్లు పగిలి ఉన్నాయి. కొత్త చీర కట్టుకుంది. అఖిల తల్లి సాయవ్వ. ఆవిడ ముఖం వెలిగిపోతోంది.

"ఆ సారు మన గుట్టకు ఎప్పుడొచ్చిండు బిడ్డా? నా బిందె కింద రాయి గూడ చూసిండట. నాతోని ఒక్క మాట చెప్పకపోతివి, జర చాయ్ అన్న పోసేదాన్ని."

"ఎవ్వరు రాలే అవ్వా. అది నేను చెప్పిన. ఆట నేను జేసిన."

"నువ్వు సదివినవు బిడ్డా, మంచిగ సదివినవు. రాసింది ఆయన. మంత్రి సారు చెప్పిండు గద." తల్లి గొంతు తగ్గించింది. "పెద్దోళ్ళు జేసినదాన్ని నేను జేసిన అనొద్దు. ఎవలన్న ఇంటరు."

అఖిల నా వైపు చూసింది. ఆ చూపును నేను తట్టుకోలేకపోయాను. ముందుకు వచ్చి, చుట్టూ ఎవరున్నారో కూడా చూడకుండా, గట్టిగానే చెప్పాను. "అమ్మా, నేను ఆ ఆఫీసులోనే పనిచేస్తాను. ఒట్టేసి చెప్తున్నా. ఆ పేరుగల మనిషి ఈ భూమ్మీద లేడు. నేను కల్పించి రాశాను. ఆట మొత్తం నీ బిడ్డదే."

సాయవ్వ నన్ను ఎగాదిగా చూసింది. కోపం లేదు ఆ చూపులో. నాకేదో అయిందని బాధపడినట్టుంది. తర్వాత తలెత్తి వేదిక మీది ఇరవై అడుగుల ముఖాన్ని ఆ చివర్నించి ఈ చివరిదాకా చూసింది.

"లేని మనిషికి గింత పెద్ద ఫోటో ఎందుకు పెడ్తరు సారూ? ఉన్న పిల్లకే పెట్టకపాయె."